మీద పడి ఏడవొద్దు

పంది చచ్చిపోయిందనే కాసులమ్మ అనుకుంది. అనుకోక ఏం చేస్తుంది? మంచు ఫ్యాక్టరీ మూడో గదిలో, స్టీలు బల్ల మీద అది కాళ్లు బారజాపుకుని పడుంది. ఊపిరి ఆడటం లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి గాని వాటిలో చూపు లేదు. వేలితో నొక్కితే కొయ్యని నొక్కినట్టుంది. ఇంత జరిగాక కూడా డాక్టర్ సలోమి స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, పంది పక్కనున్న తెర వంక రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"పోయినదాన్ని పట్టుకుని ఏటి సూస్తన్నారు డాక్టరమ్మా? బయటికి రండి, టీ తాగుదురు గాని."

"పోలేదు కాసులమ్మా. కాసేపు మాట్లాడకు."

తెర మీద పచ్చగీత ఒకటి సాపుగా పోతోంది. అలా పోతూనే ఉంది. విసుగొచ్చి కాసులమ్మ చీపురు అందుకోబోయేసరికి ఆ గీత బద్ధకంగా ఒక్కసారి పైకి లేచింది. దిగుతూ దిగుతూ పక్కనే ఎద్దు మూపురం లాంటి చిన్న బొడిపె ఒకటి వేసి మళ్లీ పడుకుంది. కాసులమ్మ చీపురు సంగతి మర్చిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగి ఊరి సంగతి చెప్పుకోవాలి. లేకపోతే మంచు ఫ్యాక్టరీలో పందేమిటి, డాక్టరేమిటి అని మీరు నన్ను తిట్టుకుంటారు. ఇది విశాఖపట్నం చేపల రేవే, కాని మీరు చూసిన విశాఖ కాదు. ఇంకో తరం గడిచాక వచ్చే విశాఖ. అప్పటికి సముద్రం వేడెక్కి, ఒడ్డు దగ్గర చేపన్నది లేకుండా పోయింది. టూనాల కోసం బోట్లు వారాల తరబడి లోతుకి పోవాల్సిందే. పట్టిన చేప కుళ్లకుండా ఉండటానికి పాత ఐసుగడ్డలు ఎటూ చాలవు. అందుకని ఉప్పునీటినే సగం గడ్డకట్టించి, జావలా చేసి, గొట్టాలతో బోటు కడుపులోని కొట్టులోకి పంపుతారు. రేవులో దాన్ని జావమంచు అంటారు. సున్నా డిగ్రీల కంటే చల్లన. చేపకి అమృతం, మనిషికి యముడు. అందులోకి జారిపడ్డవాళ్లనీ, పైన మూత పడిపోయి ఇరుక్కున్నవాళ్లనీ ఏటా కొందరిని శ్మశానానికి మొయ్యడం రేవుకి అలవాటైపోయింది.

సలోమికి వచ్చిన అనుమానం చాలా చిన్నది. అలా మోసుకెళ్లినవాళ్లలో ఎంతమంది నిజంగా చచ్చిపోయారు?

వెచ్చగా ఉన్న ఒంట్లో ఊపిరి ఆగితే నిమిషాల్లో మెదడు పోతుంది. అదే ఒళ్లు ముందే చల్లబడిపోతే, లోపల ప్రతి అవయవమూ కరువుకాలంలో ఇల్లాలిలా పొదుపు మొదలుపెడుతుంది. పావు వంతు ఊపిరితోటే సరిపెట్టుకుంటుంది. గుండె ఎప్పుడో ఒకసారి కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడం కూడా ఎంత నీరసంగా ఉంటుందంటే చెయ్యి పట్టుకుంటే నాడి తెలియదు, స్టెతస్కోపు పెడితే చప్పుడు వినపడదు. చూసినవాళ్లు పోయాడంటారు. సలోమి పెద్దాసుపత్రిలో ఉద్యోగం మానేసి, ఏళ్లు ధారపోసి, ఆ గుండెలో మిగిలిన కాస్త కరెంటునీ పట్టుకునే యంత్రం తయారుచేసింది. చలినాడి అని పేరు పెట్టింది. దాన్ని పరీక్షించడానికే ఈ పందికి మత్తిచ్చి మంచులో చల్లబరిచింది. ఒంటికి నాలుగు బిళ్లలు అతికిస్తే చాలు. ఆ మూపురం బొడిపె ఉందే, అది చల్లబడ్డ గుండె చేసే సంతకం.

పంది సంగతి సగంలో వదిలేశాం. అది మంచి గీతలు వేస్తూ ఉండగా ఫ్యాక్టరీ మనిషొకడు ఐసు ట్రాలీ తోసుకుంటూ వచ్చి బల్ల కాలికి ఢీకొట్టాడు. పెద్ద దెబ్బేం కాదు. బల్ల ఒక్కసారి కుదిలిందంతే. ఆ మరుక్షణం తెర మీద గీత గంగవెర్రులెత్తింది. పైకీ కిందికీ, చిన్నదీ పెద్దదీ, వరసా క్రమం లేకుండా రంపపు పళ్లలా తెరంతా నిండిపోయింది. కాసేపటికి ఆ పళ్లు అరిగి అరిగి సాపుగీత అయిపోయాయి.

సలోమి కుర్చీలో కూలబడింది. "చచ్చిపోయింది," అంది. "ఇప్పుడు నిజంగా చచ్చిపోయింది."

"అదేటమ్మా, అంత ఇదిగా కొట్టుకుందీ?"

"అదే మరి చావంటే. మీవాళ్లు వల లాగేటప్పుడు ఎలా లాగుతారు?"

"ఒకడు పాటెత్తుకుంటే అందరూ ఒక్క ఊపున లాగుతారు."

"గుండె కండలూ అంతే. ఒక చోట కరెంటు పుడుతుంది, వరసగా పాకుతుంది, అన్నీ ఒక్క ఊపున బిగుస్తాయి. చలికి ఆ పాకడం మెల్లబడుతుంది. ఒక మూలకి పాట అందుతుంది, ఇంకో మూలకి అందదు. అప్పుడు కాస్త కుదిపినా చాలు, పాట తెగిపోతుంది. ఎవడి ఇష్టం వచ్చినట్టు వాడు లాగుతాడు. చూసేవాళ్లకి భలే హడావిడిగా ఉంటుంది. వల మాత్రం రాదు. రక్తం అడుగు కదలదు."

కాసులమ్మ ఆ రోజు ఇంటికెళ్లి మొగుడికి ఇదంతా చెప్పింది. మసేను ముసిముసిగా నవ్వి, "పందులకి కూడా డాక్టర్లొచ్చేరన్నమాట. పులుసు ఇంకొంచెం ఎయ్యి," అన్నాడు. వేట నుంచి వచ్చిన రోజున పెళ్లాం చేతి పులుసు తప్ప ఇంకొకరింటి ముద్ద ముట్టని మనిషి. తల్లి గుర్రమ్మ వీధి చివరే ఉన్నా, తల్లి పెట్టినా సరే, ముందు ఇక్కడ తిన్నాకే. ఆ సంగతి గుర్రమ్మకి ఏనాటి నుంచో లోపల గుచ్చుకుంటూనే ఉంది.

తర్వాతి వేటకి మసేను వెళ్లాడు. బోటు తిరిగొచ్చిన రోజు ఎండ ఫెళఫెళలాడుతోంది. బోటు నడిపే సరంగు ఎల్లాజీ చేపలు దింపడానికి కొట్టు మూత తీయించాడు. లోపల టూనాల మధ్య మసేను కూర్చుని ఉన్నాడు. గొంతు దాకా జావమంచు. తల గోడకి ఆనించుకుని, ఇప్పుడే కునుకు పట్టినవాడిలా ఉన్నాడు. గొట్టం పూడుకుపోయిందని దిగుంటాడు. పైన మూత దానంతట అదే పడి బిగుసుకుపోయింది. కేబిన్‌లో పడుకున్నాడనుకున్నారు తక్కినవాళ్లు.

ఎల్లాజీ దిగి ముక్కు దగ్గర వేలు పెట్టాడు. మణికట్టు పట్టుకున్నాడు. పైకి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇద్దరు మనుషులు చంకల్లో చేతులు వేసి లాగబోతుంటే రేవు మీది నుంచి కేక వినపడింది.

"ఎత్తకండి. ఎవులూ ముట్టుకోకండి."

కాసులమ్మ. ఎవరో చెప్పగానే ఫ్యాక్టరీ నుంచి పరుగెత్తుకొచ్చింది. పెళ్లాం వచ్చి గుండెలు బాదుకుంటుందనుకున్న జనానికి ఆ గొంతు విని ఒళ్లు జలదరించింది. పిచ్చెక్కిందనుకున్నారు పాపం. ఆమె వెనకే డాక్టర్ సలోమి యంత్రం భుజాన వేసుకుని వచ్చి, ఆ వయసులో నిచ్చెన దిగి, జావమంచులో తొడల దాకా నిలబడి బిళ్లలు అతికించింది.

సాపుగీత. కాసులమ్మ కళ్లకి ఇంకేమీ కనపడటం లేదు, ఆ గీత తప్ప. మావా, ఒక్కపాలి, ఒక్కపాలి అనుకుంటోంది. ఎంతసేపటికో గీత మెల్లిగా లేచింది. దిగుతూ మూపురం వేసింది.

"ఉన్నాడు," అంది సలోమి. "ఒళ్లు ఇరవై మూడు డిగ్రీలుంది. కాని ఉన్నాడు."

ఎవరూ సంతోషపడలేదు. నిజం చెప్పాలంటే అందరికీ శ్మశానానికి తాము మోసినవాళ్లు గుర్తొచ్చారు. ఎల్లాజీ నిచ్చెన పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. "మా తమ్ముణ్ణి కూడా ఇలాగే తీసేం డాక్టరమ్మా," అన్నాడు. "ఇలాగే ఉన్నాడు. నేనే మోసేను." సలోమి అతని భుజం మీద చెయ్యి వేసి, "ముందు ఇతన్ని చూద్దాం," అంది.

గతుకుల రోడ్డు మీద ఆసుపత్రికి తీసుకెళ్లడానికి వీల్లేదు, కుదుపు పడకూడదు. ఒక తలుపు ఊడదీసి మెల్లిగా ఒంటి కిందికి జరిపి, నిండు కడవ మోసినట్టు అడుగులో అడుగు వేసుకుంటూ మూడో గదికి చేర్చారు. అక్కడ సలోమి దగ్గర ఇంకో యంత్రం ఉంది. ఒంట్లోని రక్తాన్ని గొట్టంతో బయటికి తీసి, వెచ్చబెట్టి, మళ్లీ లోపలికి పంపుతుంది. అవసరమైతే గుండె పని కూడా అదే చేస్తుంది. దాని గొట్టాలు తొడలోని రక్తనాళాల్లోకి ఎక్కించడానికి కాస్త వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో కాసులమ్మకి ఒకటే పని. ఎవర్నీ రానివ్వకూడదు, తనూ ముట్టుకోకూడదు.

ఇక్కడ రేవు మర్యాద ఒకటి చెప్పుకోవాలి. చావు కబురు వినగానే తల్లి రావాలి. వచ్చి మీద పడాలి. భుజాలు పట్టి కుదపాలి, రొమ్ము మీద బాదాలి, పేరు పెట్టి లేవమని పిలవాలి. పెళ్లాం కూడా అంతే. మీద పడి ఏడ్చే దిక్కు లేని చావుని రేవులో కుక్కచావు అంటారు. ఎవరెంత గట్టిగా ఏడ్చారో ఏడాది పాటు చెప్పుకుంటారు. అది వాళ్ల ప్రేమ లెక్క. దాన్ని చూసి నవ్వేవాళ్లు తమ ఇళ్లలో ఎవరూ పోనివాళ్లయి ఉండాలి.

గుర్రమ్మ వీధి ఆడవాళ్లందర్నీ వెంటేసుకుని, జుట్టు విరబోసుకుని, శోకాలు పెడుతూ వచ్చింది. గుమ్మంలో కాసులమ్మ రెండు చేతులూ చాపి నిలబడింది.

"అత్తా, నీ కాళ్లు పట్టుకుంటాను. బతికున్నాడు. మీద పడొద్దు. ఏడవాలంటే ఇక్కడ నా మీద పడి ఏడు."

"కన్నతల్లినే. నన్నాపుతావేటే నువ్వు?"

"నీ కొడుకు పేనం కోసమే ఆపుతన్నాను."

"సల్లగా కొయ్యయిపోనాడని రేవంతా సెప్తంటే బతికున్నాడంటావా? నీకు మతుందేటి?"

గుమ్మం దగ్గర మగవాళ్లున్నారు. ఎల్లాజీ ఉన్నాడు. బల్ల కుదిపితే ఏమవుతుందో డాక్టరు వాళ్లకి చెప్పే ఉంచింది. అయినా ఒక్కొక్కరే తల దించుకుని పక్కకి తప్పుకున్నారు. కొడుకు మీద పడబోయే తల్లిని ఆపే మగాడు ఆ రేవులో ఇంకా పుట్టలేదు.

గుర్రమ్మ కోడల్ని తోసుకుని లోపలికి వెళ్లింది. "లేవరా నా బాబూ" అంటూ రొమ్ము మీద పడిపోయింది. రెండు చేతులా భుజాలు పట్టి ఊపింది. తెర మీద గీత చెలరేగింది.

"అయ్యో," అంది సలోమి, చాలా మెల్లిగా.

కాసులమ్మ అప్పుడు చేసిన పని రేవు ఈనాటికీ క్షమించలేదు. అత్తగారి విరబోసిన జుట్టు పిడికిట పట్టి, బిడ్డ మీది నుంచి ఈడ్చి, గుమ్మం బయట తడినేల మీద పడేసి, తలుపు గడియ పెట్టింది.

"షాక్ ఇవ్వరా డాక్టరమ్మా?" ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకి తెలియలేదు.

"ఇంత చల్లటి గుండె షాక్‌కి లొంగదు. ముందు వెచ్చబడాలి." సలోమి చేతులు ఆగకుండా పని చేస్తున్నాయి. రెండో గొట్టం ఎక్కింది, యంత్రం రొద మొదలుపెట్టింది. "ఇకనుంచి ఇదే అతని గుండె. అది పనిచేస్తుందో లేదో చూద్దాం."

తెర మీద రంపపు పళ్లు అరిగిపోతున్నాయి. కాసులమ్మ గోడకి వీపు ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఏడవలేదు. ఏడుపు మొదలైతే కాళ్లు నిలవవు, కాళ్లు నిలవకపోతే తనే వెళ్లి మీద పడిపోతుంది. అంతే ఆమె లెక్క. ఒంట్లో ప్రతి ఎముకా అతని మీద పడి బాదుకోమంటోంది. తలుపు అవతల శోకాలు వినపడుతున్నాయి, మధ్యలో మాటలూ వినపడుతున్నాయి. కట్టుకున్నోడు పడుంటే కంట నీటిచుక్క నేదట. అత్తని జుట్టట్టుకుని ఈడ్సిందట. ఇదేటి ఆడది?

ఒళ్లు ఇరవై ఐదయింది, ఇరవై ఎనిమిదయింది. ముప్పై దాటాక, అరిగిన పళ్లు మళ్లీ లేస్తుంటే, సలోమి షాక్ ఇచ్చింది. ఏమీ కాలేదు. ఇంకాస్త వెచ్చబెట్టి మళ్లీ ఇచ్చింది. గీత ఒక్కసారి చదునైపోయి, ఒక కొట్టు కొట్టింది. ఆగింది. ఇంకోటి కొట్టింది. ఆ తర్వాత వరసగా, పాట అందుకున్నట్టు, కొట్టుకుంటూనే ఉంది. సాయంత్రానికి మసేను పెదాలకి రంగొచ్చింది. కాసులమ్మ అప్పుడు కూడా ఏడవలేదు. గోడ పట్టుకుని అలాగే కిందికి జారి నిద్రపోయింది.

ఆ తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. టీవీలవాళ్లు వచ్చారు. మంత్రులు వచ్చారు. చావుని వెనక్కి పంపిన యంత్రం అన్నారు. ప్రతి రేవులోనూ ఒక చలినాడి పెట్టాలని ఆర్డరు వచ్చింది. సలోమి సంబరపడి, గుండె చలికి ఎలా కొట్టుకుందో చూపించే, తెర మీది గీతనంతా యంత్రం అచ్చు వేసిన పొడవాటి కాగితం చుట్ట ఒకటి మసేనుకి కానుకగా ఇచ్చింది. చదువుకున్నవాళ్లు చేసే పొరపాట్లు ఇలాగే ఉంటాయి. కాగితం తనకి ఏం చెబుతుందో అందరికీ అదే చెబుతుందనుకుంటారు.

మసేను ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. పలకరించడానికి వచ్చిన ప్రతి ఆడదీ ఒకే మాట చెప్పి వెళ్లింది. తల్లి వచ్చి మోచేతి మీద గాయం చూపించింది. ఆ రోజు కాసులమ్మ పులుసు వండి, కంచంలో వేడన్నం పెట్టింది. అతను చెయ్యి పెట్టలేదు.

"ఏడవనేదంట గదా?"

"ఏడిస్తే నువ్వు సచ్చిపోదువు మావా."

"నేను సచ్చిపోనానని అందరూ అనుకున్నారు. నువ్వూ అనుకోవాలి గదా. అనుకుని కూడా నీకు ఏడుపు రానేదా?"

"నేను అనుకోనేదు. గీత సూసేను."

"గీత సూసేవు," అన్నాడతను. "నన్ను సూడనేదు."

కంచం జరిపి లేచి, వీధి చివర తల్లి ఇంటికెళ్లిపోయాడు. ఆ పూట అక్కడే తిన్నాడు, అక్కడే పడుకున్నాడు. మర్నాడూ రాలేదు. చావు నోట్లోంచి లాక్కొచ్చుకున్న మొగుడు వీధి దాటి ఇంటికి రాడు. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా? రోజూ కాసులమ్మ పులుసు వండి, మూత పెట్టి, వాకిట్లో కూర్చునేది. సాయంత్రానికి పక్కింటివాళ్లకి ఇచ్చేసేది.

కాగితం చుట్టని మసేను మత్స్యకారుల సంఘం హాలు గోడ పొడుగునా అంటించాడు. వచ్చినవాళ్లకల్లా చూపించేవాడు. "ఇదిగో, ఇంతమేర నా పెళ్లాం పక్కన నిలబడ్డ సేపు. సూడండి, సచ్చిన పాములా పడుంది గుండె. ఇదిగో ఇక్కడ మాయమ్మ వచ్చి మీద పడింది. సూడండి ఎలా లేసిందో. తల్లి గొంతు ఇని గుండె ఎలా ఎగిరిందో. మాయమ్మని ఈడ్సీసేక మళ్లీ పడిపోనాది." జనం దగ్గరికి జరిగి, ఆ రంపపు పళ్లని వేలితో తడిమి, కళ్లు తుడుచుకునేవారు. చూస్తే నిజంగా అలాగే ఉంది మరి.

సలోమి ఆ సంగతి విని హుటాహుటిన వచ్చింది. గోడ ముందు నిలబడి, వల సంగతి, పాట సంగతి మొదట్నుంచీ ఓపికగా చెప్పింది. "మసేనూ, ఆ ఎగురుడే చావు. ఈ సాపుగా ఉండి అక్కడక్కడ లేచేదే బతుకు. నీ భార్య నిన్ను బతికించింది."

మసేను మర్యాదగా, చేతులు కట్టుకుని విన్నాడు. "మీరు పేనం పోసినోళ్లు, మీ మాట కాదనను. కానీ అది మీ సదువు డాక్టరమ్మా. గుండె నాది గదా."

హాల్లో అందరూ తలలూపారు. సలోమి గుమ్మంలో నిలబడ్డ కాసులమ్మ వంక చూసింది. కాసులమ్మ నేల చూపులు చూసింది. తర్వాత సలోమి కాకినాడ రేవులో యంత్రం పెట్టడానికి వెళ్లిపోయింది. ఇక్కడ ఒక ఆపరేటర్ని పెట్టారు, కొత్తగా చదువుకొచ్చినవాడు. సంఘంవాళ్లు పట్టుబట్టి, జనమంతా చూడటానికి వీలుగా యంత్రానికి రేవు మీద పెద్ద తెర కట్టించారు.

వానలు మొదలయ్యే రోజుల్లో మళ్లీ ఒక బోటు మనిషిని మోసుకొచ్చింది. ఈసారి ఎల్లాజీ కొడుకు తాతారావు. పెళ్లి కుదిరిన కుర్రాడు. కొట్టులో దొరికాడు. అదే చల్లదనం, అదే కొయ్య. రేవు ఈసారి నేర్చుకున్నట్టే కనపడింది. తలుపు మీద మెల్లిగా, నిండు కడవలా జాగ్రత్తగా తెర కిందికి తెచ్చి పడుకోబెట్టారు. ఆపరేటర్ బిళ్లలు అతికించాడు. పెద్ద తెర మీద, అందరి కళ్ల ముందూ, గీత లేచి మూపురం వేసింది. కాసులమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆపరేటర్ వెచ్చబెట్టే యంత్రం గొట్టాలు విప్పుతున్నాడు.

అప్పుడు మసేను అన్నాడు, "ఇంకా సూస్తారేటి? తల్లిని పిలవండి."

ఎల్లాజీ అప్పటికే పెళ్లాం చిన్నమ్మిని చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నాడు. జనం రెండు పాయలుగా చీలి దారిచ్చారు. ఆ దారికి అడ్డంగా కాసులమ్మ వెళ్లి నిలబడింది.

"సిన్నమ్మి అప్పా, వొద్దు. బతికున్నాడు. ఒక్క గంట ఆగు. నేను నీకు దణ్ణం పెడతాను."

"నీ మొగుడికి నువ్వు ఏడవనేదు. ఎవుల్నీ ఏడవనివ్వవా?" ఎవరో ఆడమనిషి వెనక నుంచి అంది.

మసేను వచ్చి ఆమె జబ్బ పట్టుకున్నాడు. అన్ని నెలల తర్వాత ఆమెని ముట్టుకోవడం అదే. "తప్పుకో," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. పక్కకి లాగి, కదలకుండా పట్టుకున్నాడు.

చిన్నమ్మి కొడుకు మీద పడింది. భుజాలు పట్టి కుదిపింది, పేరు పెట్టి లేవమని పిలిచింది. పెద్ద తెర మీద గీత ఒక్కసారిగా చెలరేగింది. పైకీ కిందికీ, తెరంతా. రేవు మొత్తం "లేసాడు, లేసాడు" అంది. చప్పట్లు కొట్టారు. ఎల్లాజీ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఆపరేటర్ ఏదో అరుస్తున్నాడు, ఎవరికీ వినపడలేదు. గొట్టాలు పట్టుకుని దగ్గరికి రాబోతే జనం అతన్ని వెనక్కి తోశారు. కాసులమ్మ ఆ చేతుల్లో గింజుకుంటూ, చప్పట్ల మధ్య, ఆ పళ్లు అరగడం చూసింది.

తెర సాపు అయిపోయింది. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. జనం ఎదురుచూశారు. గీత మళ్లీ లేవలేదు. చివరికి ఆపరేటర్ వచ్చి బిళ్లలు పీకేశాడు.

రేవు మీద మాట పుట్టడానికి ఎంతసేపు? "మసేను తల్లి ఏడిసినట్టు ఏడవనేదు," అన్నారు ఎవరో. "ఇంకాస్త గట్టిగా పిలవాల్సింది." ఆ మాట జనంలో నుంచి జనంలోకి పాకి ఎల్లాజీ దాకా వచ్చింది. అతను పెళ్లాం వంక చూసిన చూపు కాసులమ్మ చూసింది. అది ఎలాంటి చూపో ఆమెకి తెలుసు. వీధి చివర నుంచి రోజూ చూస్తున్నదే.

చిన్నమ్మి కొడుకు పక్కనే కూర్చుని ఉంది. గొంతు పోయింది. అందర్నీ వెతికి వెతికి ఆమె కళ్లు కాసులమ్మ మీద ఆగాయి. గీత సంగతి తెలిసిన ఆడది రేవులో ఆమె ఒక్కతే.

"నువ్వు సెప్పు కాసులూ. నీకు తెలుసు గదా. నేను సాలినంత ఏడవనేదా? అందుకే పోనాడా?"

నిజం కాసులమ్మ నాలుక మీదే ఉంది. నువ్వు ఏడవడమే అప్పా, నువ్వు పట్టి కుదపడమే. ఆ ఒక్క మాట అంటే రేవులో ఇంకెవరూ ఎవరి మీదా పడరేమో, ఇంకో కొడుకు బతుకుతాడేమో. ఆ ఒక్క మాట అంటే ఈ తల్లి ఈ క్షణంలోనే, ఇక్కడే, సముద్రంలో పడిపోతుంది. మసేను పట్టు ఇంకా ఆమె జబ్బ మీదే ఉంది. రేవంతా ఆమె నోటి వంకే చూస్తోంది.

"ఏడిసేవప్పా," అంది కాసులమ్మ. "సాలినంత ఏడిసేవు. నీ ఏడుపికే వోడి గుండె అంతలాగ లేసింది. నేను సూసేను. రాత బాగోనేదు, అంతే."

చిన్నమ్మి ఆమె మీద పడి బావురుమంది. ఎల్లాజీ తల దించుకున్నాడు. జనం అమ్మయ్య అన్నట్టు కదిలారు. సూసేరా, ఆఖరికి కాసులమ్మే ఒప్పుకుంది అనుకుంటూ ఆ మాటని రేవు రేవునా మోసుకెళ్లడానికి చెదిరిపోయారు.

కాసులమ్మ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఎప్పుడు మొదలయ్యాయో ఆమెకే తెలియదు. మసేను ఆ నీళ్ల వంక చాలాసేపు చూశాడు. జబ్బ వదిలి, మెల్లిగా చెయ్యి పట్టుకున్నాడు.

"పద, ఇంటికెల్దాం," అన్నాడు. "ఆకలేస్తంది."